బురదలో వెతికిన డాంగిల్

2009 అక్టోబరు 2. గాంధీ జయంతి, సెలవు రోజు. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు ఊళ్లోకి వచ్చేసిన రోజు. పాతబస్టాండు వైపున్న మా బావ డీటీపీ కొట్టు షట్టరు పైఅంచు దాకా మునిగింది. నీళ్లు తీసినాక పోయి షట్టరు ఎత్తితే లోపల మోకాలి లోతు ఒండ్రు. మానిటర్లు బోర్లా పడి ఉన్నాయి. లేజర్ ప్రింటరు ట్రేలోంచి మట్టి కారుతోంది. రీములకు రీములు కాగితం ముద్దగా మారి గోడకు అంటుకుపోయింది. అక్క గడప మీదే కూలబడింది. మా బావ మాత్రం సీపీయూ డబ్బా వెనక్కి చెయ్యి పెట్టి తడుముతున్నాడు.

"ఏం దేవులాడుతున్నావు బావా?" అన్నాను.

"డాంగిలప్పా. అదొక్కటి దొరికితే సాలు. తక్కినయి అప్పో సప్పో జేసి తెచ్చుకుంటాం."

దొరికింది. అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్క. కంప్యూటరు వెనక ప్యారలల్ పోర్టుకు తగిలించి, అటొక స్క్రూ ఇటొక స్క్రూ బిగించేది. ఆ రోజుల్లో తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్లు అమ్మేవాళ్లు దొంగకాపీలు పుట్టకుండా కొన్నింటికి ఇట్లాంటి తాళం పెట్టేవాళ్లు. తాళం ఉంటేనే అక్షరాలు తెర మీదికి వస్తాయి. అది లేకపోతే పదేళ్ల పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఊరి కవుల పద్యాల పుస్తకాలు అన్నీ అర్థంకాని ఇంగ్లిషు గీతలే. ఫైళ్లను ఎప్పటికప్పుడు సీడీల్లోకి ఎక్కించి మిద్దె మీది ఇంటికి తీసుకుపోయే అలవాటు ఉండబట్టి అవి బతికాయి. డాంగిల్‌ను స్పిరిట్‌తో కడిగి, నాలుగు రోజులు ఆరబెట్టి, సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన కంప్యూటరుకు తగిలించాడు. తెర మీద తెలుగు కనిపించింది. ఆ పూట మా బావ కళ్లల్లో నీళ్లు చూశాను.

మొన్న మా మేనకోడలు ఒక కాగితం మీద చిట్టా రాసి నా ముందు పెట్టింది. ఇప్పుడు కొట్టు చూసుకునేది తనే. కీబోర్డులు రెండు, మానిటర్లు రెండు, ప్రింటర్లు మూడు, యూపీఎస్, వేలిముద్ర యంత్రం, మూలన ఉన్న ఎక్స్‌పీ కంప్యూటరు. "మామా, దీంట్లో ఏవి మార్చాల, ఏవి ఉంచాల? నాయనను అడిగితే అన్నీ ఉంచమంటాడు. అమ్మేవాళ్లను అడిగితే అన్నీ మార్చమంటారు." విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినప్పటి నుంచి ఈ ప్రశ్న కర్నూలు, కడపల్లో ప్రతి జిరాక్సు కొట్టులో, ప్రతి ట్యూషన్ సెంటర్లో, ప్రతి ఆడిటర్ ఆఫీసులో నడుస్తోంది. ఆ చిట్టాను జేబులో పెట్టుకుని రెండు ఊళ్లూ తిరిగాను.

తిరిగినాక ఒకటి మాత్రం గట్టిగా తెలిసింది. వస్తువు వయసెంతో అడిగితే జవాబు దొరకదు. దానికి ఏం కట్టేసి ఉందో అడగాలి.

దుమ్ము, ఎండ, దూరం

కంప్యూటరు సామాన్ల పెట్టెల మీద రాసే ఆయుష్షు చల్లటి గదుల లెక్క. మన లెక్క వేరు. బేతంచెర్లలో నాపరాళ్ల పాలిషింగు కొట్టాల పక్కన ఉన్న నెట్ సెంటరులో సీపీయూ మూత తెరిస్తే ఫ్యాను రెక్కల మీద తెల్లటి పొర అట్టకట్టి ఉంటుంది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, మంగంపేట దారిలో ముగ్గురాయి దుమ్ము. ఈ దుమ్మే ప్రింటరులో కాగితం లాగే రబ్బరు రోలరును నున్నగా చేస్తుంది. అప్పుడు కాగితం జారుతుంది, యంత్రం కీచుమంటుంది, చూసేవాళ్లు "ప్రింటరు పోయింది" అంటారు. పోలేదు. తడిగుడ్డతో రోలరు తుడిస్తే, లేదా వంద రూపాయల్లోపు రోలరు మారిస్తే మళ్లీ లాగుతుంది. మన దగ్గర పాతబడిపోయిందని మూలన పడేసిన వాటిలో చాలా భాగం నిజానికి మురికిపట్టినవే.

ఎండది ఇంకో కథ. యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల సీసపు బ్యాటరీ ఆయుష్షును కంపెనీలు పాతిక డిగ్రీల వేడి దగ్గర లెక్కగడతాయి. అక్కడి నుంచి ఎనిమిది, పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. మే నెలలో రేకుల కప్పు కింద, నలభై రెండు డిగ్రీల కర్నూలులో ఆ బ్యాటరీ ఎన్నాళ్లుంటుందో ఎవరైనా లెక్కేసుకోవచ్చు. మా మేనకోడలి చిట్టాలో నేను మొదట టిక్కు పెట్టింది దీనికే. యూపీఎస్ డబ్బాను ఉంచి బ్యాటరీ ఒక్కటే మార్చమన్నాను. కరెంటు పోయిన మరుక్షణం యూపీఎస్ కుయ్యిమని ఆగిపోతోందంటే దాని లోపలి బ్యాటరీ చచ్చిందని అర్థం. ఇక్కడ వాయిదా వేస్తే పోయేది హార్డ్‌డిస్కు, దాంతోపాటు అందులోని పని.

మూడోది దూరం. కర్నూలువాళ్లకు కంప్యూటరు సామాను అంటే సికింద్రాబాదు ప్యారడైజు దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటరు. అందరూ సీటీసీ అంటారు. కడపవాళ్లు బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకో, చెన్నై రిచీ స్ట్రీటుకో పోతారు. కాచిగూడలో ఎక్కితే కర్నూలు, ఎర్రగుంట్ల, కడప మీదుగా చిత్తూరు పోయే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్లో మదర్‌బోర్డు పెట్టె పెట్టుకుని రాత్రంతా కూర్చుని వచ్చిన మెకానిక్కులు నాకు తెలుసు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తాయి, నిజమే. కానీ వచ్చిన సామాను పనిచేయకపోతే ఊళ్లో చూసేవాడు ఉండాలి. ఎంత పాత మోడలైనా ఊరి మెకానిక్కు చేతికి అలవాటైనదైతే, ఎవరూ విప్పి చూడని కొత్త మోడలు కన్నా దానికే ఆయుష్షెక్కువ. కడప ఏడురోడ్ల దగ్గర ముప్పై ఏళ్లుగా ప్రింటర్లు బాగుచేస్తున్న ఒకాయన మాట ఇది: "కొత్త ప్రింటర్లు వస్తాండాయి సార్, వాటి స్పేర్లు రావడంల్యా."

12ఏ అనే ఊరి మాట

రాయలసీమలో ఏ జిరాక్సు కొట్టుకు పోయినా "పన్నెండు ఏ" అంటే వివరం అడగరు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1010, 1018, 1020, ఎం1005 అన్నిట్లోనూ ఇమిడే కార్ట్రిడ్జి అది. క్యానన్ ఎల్‌బీపీ 2900లో వేసేది పేరుకు వేరు గానీ లోపల దానికి తోబుట్టువే. ఒక నింపుకు రెండు వేల పేజీలని కంపెనీ లెక్క. ఒరిజినల్ కార్ట్రిడ్జి ధర వేలల్లో ఉంటే, ఊళ్లో పొడి నింపించుకుంటే వందల్లో తేలుతుంది. పొడి నింపేవాడు కుర్చీలో కూర్చుని స్క్రూ విప్పి, డ్రమ్ము తీసి నల్లగుడ్డలో చుట్టి పక్కన పెట్టి, బ్లేడు తుడిచి, పాత పొడి దులిపి, కొత్త పొడి పోసి మూసేస్తాడు. పావుగంట పని. గీతలు పడితే డ్రమ్ము, మసక పడితే బ్లేడు, అక్షరం చేత్తో రుద్దితే చెరిగిపోతుంటే లోపలి టెఫ్లాన్. రోగం ఏదో, మందు ఏదో ఊరందరికీ తెలుసు.

మా మేనకోడలి చిట్టాలో మొదటి ప్రింటరు ఇదే, 1020. ఆమె దాన్ని తీసేయాలనుకుంది. కారణం అడిగితే, "కొత్తవైతే వైఫై ఉంటాది, ఫోన్లోంచి నేరుగా ఇయ్యొచ్చు" అంది. సబబైన కారణమే. కొట్టుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు కాగితం తేరు, ఫోను తెస్తారు. అయినా ఆ ఒక్క సౌకర్యం కోసం రోజూ రెండు మూడొందల పేజీలు కొట్టే యంత్రాన్ని ఎందుకు తీసేయాలి? కంప్యూటరు ద్వారా ఫోనులోని కాగితం తెప్పించుకోవడానికి పది దారులున్నాయి. ఉంచమన్నాను. వాదించింది. లెక్కల పుస్తకం తెరిచి పేజీకి ఎంత పడుతోందో ఇద్దరం రాసుకున్నాం. రాసుకున్నాక తనే చిట్టాలో కొట్టేసింది.

అట్లని లేజరే అన్నిటికీ మందు కాదు. రంగు ఫోటోలకు, పెళ్లిపత్రికల నమూనాలకు ఇంకు ట్యాంకు ప్రింటరు చౌక. కానీ దానికి రోజూ పని పడాలి. వారం రోజులు ముట్టుకోకపోతే మన ఎండకు హెడ్డులో ఇంకు గడ్డకడుతుంది. శుభ్రం చేయడానికి మళ్లీ ఇంకే ఖర్చు. పైగా ఆ ఇంకు చాలా వాటిలో నీళ్లలో కరిగేది. చెమట చేత్తో పట్టుకుంటే సర్టిఫికెట్టు మీద పేరు అలుక్కుపోతుంది. నెలకు నాలుగు కాగితాలు తీసే ఇంట్లో ఇంకు ట్యాంకు కొనడం అనవసరం. ఆ నాలుగు కాగితాలూ వీధి చివరి కొట్టులో తీయించుకోవచ్చు.

ఇక డాట్ మ్యాట్రిక్స్. దాని గరగర శబ్దం విని నవ్వేవాళ్లున్నారు. నాకు ఆ నవ్వు నచ్చదు. సూదులు రిబ్బను మీద కొట్టి అచ్చేసే యంత్రం కాబట్టి, కింద కార్బను కాగితం ఉంటే ఒక్క దెబ్బకు మూడు ప్రతులు వస్తాయి. లేజరుకూ ఇంకుకూ అది చేతకాదు, అవి కాగితాన్ని కొట్టవు. రైతుకొకటి, కమీషన్ కొట్టుకొకటి, యార్డుకొకటి, ఒకే అంకె, మధ్యలో మార్చడానికి వీల్లేకుండా కావాలంటే గుద్దే యంత్రమే కావాలి. ఉల్లిగడ్డల లారీ దిగి, ధర తెగి, తక్‌పట్టీ అనే అమ్మకం చీటీ చేతికొచ్చే దాకా నిలబడి ఉండే రైతుకు ఆ మూడు ప్రతుల్లోని అంకె ఒకటే కావడం చిన్న విషయం కాదు. ఆ పని ఉన్నంత కాలం ఆ యంత్రం పాతది కాదు. మా మేనకోడలికి అట్లాంటి పని లేదు కనుక, దాన్ని లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసొకదానికి అమ్మేయమన్నాను. నాలుగు రోజుల్లో కొనుక్కుపోయారు.

వేళ్లు నేర్చిన బాట

కీబోర్డు దగ్గర మా బావ పట్టుపట్టాడు. ఆయనది టీవీఎస్ గోల్డ్. లోపల చెర్రీ కంపెనీ మీటలు, నొక్కితే టిక్కుటిక్కుమనేవి. మన దేశంలో బ్యాంకుల్లో, ఆఫీసుల్లో, డీటీపీ కొట్లలో ఒక తరం మొత్తం ఆ చప్పుడు మధ్య పని చేసింది. దాని మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. మీటలన్నీ నల్లగా, నున్నగా ఉంటాయి. కొత్తగా కొట్టులో చేరినవాళ్లు దాన్ని చూసి బెదిరిపోతారు. బావకు అక్షరాలతో పని లేదు.

ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. ఒకటి మీటల పలక, రెండోది మీటల మీద తెలుగు అక్షరాల అమరిక. పలక మారిస్తే రెండు రోజులు ఇబ్బంది. అమరిక మారిస్తే మనిషి మళ్లీ ఓనమాల దగ్గరికి పోవాలి. భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతి ఉండాలని ప్రభుత్వం 1986లో ఇన్‌స్క్రిప్ట్ అమరికను తెచ్చింది. హల్లులు ఎక్కువగా కుడిచేతికి, అచ్చులు ఎడమచేతికి, శాస్త్రీయంగా పేర్చింది. కానీ తెలుగు అచ్చు లోకంలో పాతుకుపోయింది యాపిల్ కీబోర్డు అని పిలిచే అమరిక, దాంతోపాటు అను ఫాంట్లు, పుటలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు. మా బావ తరంలో వేలమంది రెండు చేతులా నేర్చింది అదే. చూపు కాగితం మీద, వేళ్లు మీటల మీద, మనసు ఎక్కడో. నిమిషానికి అన్ని పదాలు కొట్టే చేతిని "ఇది పాతది, మార్చుకో" అనడం నడక మార్చుకోమన్నట్టే.

ఆయన కీబోర్డు వెనక గుండ్రటి పీఎస్/2 పిన్ను. ఐబీఎం 1987లో తెచ్చిన రకం. కొత్త మదర్‌బోర్డుల్లో ఆ బెజ్జం ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. యాభై రూపాయల మార్పిడి పిన్ను తెస్తే పనిచేయలేదు. దాంతో మేనకోడలు కీబోర్డు చచ్చిందని తేల్చేసింది. చావలేదు. ఆ చవక పిన్నులో తీగలు తప్ప ఏమీ ఉండవు. రెండు భాషలూ తెలిసిన కీబోర్డులకే అది పనికొస్తుంది. లోపల చిన్న చిప్పు ఉండి, పీఎస్/2 సంకేతాన్ని యూఎస్‌బీ సంకేతంగా తర్జుమా చేసే కన్వర్టరు కావాలి. అది తెప్పించి తగిలిస్తే టిక్కుటిక్కుమంది. మానిటరు సంగతీ అంతే. వీజీఏ అనలాగ్, హెచ్‌డీఎంఐ డిజిటల్. రెంటినీ ఉత్త తీగతో కలపలేం, మధ్యలో చిప్పున్న కన్వర్టరు పెడితే పదేళ్ల ఎల్‌ఈడీ మానిటరు కొత్త కంప్యూటరుకు హాయిగా పనిచేస్తుంది. మానిటర్లు కూడా చిట్టాలోంచి పోయాయి.

కానీ ఈ మార్పిడి పిన్నుల దారి ఒకచోట ఆగిపోతుంది. ప్యారలల్ పోర్టును యూఎస్‌బీగా మార్చే తీగలు బజారులో దొరుకుతాయి, ప్రింటరును గుర్తుపడతాయి. పాత డాంగిల్‌ను మాత్రం గుర్తుపట్టవు. ఆ తాళానికి అసలైన ప్యారలల్ పోర్టే కావాలి. ఆ పోర్టున్న మదర్‌బోర్డు కావాలి. ఆ బోర్డుకు సరిపోయే ఎక్స్‌పీ కావాలి. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8నే ముగిసింది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షను 2001లో వచ్చింది, తర్వాత దాన్ని అడోబీ వదిలేసింది. ఒక అగ్గిపెట్టె ముక్క పట్టుకుని ఇంత పెద్ద గొలుసు వేలాడుతోంది. మూలన ఉన్న ఆ పాత కంప్యూటరు ఇన్నాళ్లూ బతికింది అందుకే.

చెడిపోకుండానే చచ్చిపోయిన యంత్రం

మా మేనకోడలి చిట్టాలో వేలిముద్ర యంత్రం పక్కన పెద్ద ప్రశ్నార్థకం ఉంది. యంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎర్రలైటు వెలుగుతోంది. వేలు పెడితే పట్టుకుంటోంది. అయినా మార్చాలి.

ఆధార్ వేలిముద్ర యంత్రాల్లో ఎల్‌0, ఎల్‌1 అని రెండు మెట్లు. ఎల్‌0లో వేలిముద్రకు తాళం వేసే పని కంప్యూటరులోనో ఫోనులోనో ఉన్న సాఫ్ట్‌వేరు చేస్తుంది. అంటే యంత్రానికీ తాళానికీ మధ్య తీగలో ముద్ర విడిగా ప్రయాణం చేస్తుంది. మధ్యలో ఎవడైనా దొంగ చెయ్యి పెట్టే సందు ఉంటుంది. ఎల్‌1లో యంత్రం లోపలి చిప్పులోనే ముద్రకు తాళం పడి, సంతకం పడి, ఆ తర్వాతే బయటికి వస్తుంది. వేలిముద్రలు నకలు చేసి పల్లెల్లో బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు లాగేసిన కేసులు తెలుగునాట పోలీసు స్టేషన్ల దాకా వచ్చాయి. కాబట్టి ఎల్‌0ను తీసేసి ఎల్‌1 పెట్టమనడంలో తప్పు పట్టను. మన పెన్షను డబ్బు, మన రేషను బియ్యం ఆ గాజు ముక్క మీదే ఉన్నాయి. ఈ ఒక్కచోట పాతదాన్ని పట్టుకుని వేలాడమని ఎవరికీ చెప్పను.

నా బాధ వేరు. ఈ యంత్రం కొనేది ఎవరు? నెలకు నాలుగు రాళ్లు సంపాదించుకునే నెట్ సెంటరు పిల్ల, సిమ్ములు అమ్మే కుర్రాడు, ఊళ్లో బ్యాంకు మిత్రగా తిరిగే ఆడమనిషి. రూలు మారిన ప్రతిసారీ ఖర్చు పడేది వాళ్ల జేబుకే. పాత యంత్రానికి మారుబేరం కూడా ఉండదు, రూలు ఒప్పుకోని దాన్ని ఎవడు కొంటాడు?

ఇంకో మాట కూడా చెప్పాలి. బేతంచెర్లలో బండలు కోసే మనిషి, బనగానపల్లె గనుల్లో గునపం పట్టే మనిషి, ఎండుమిరపకాయలు ఏరే మనిషి వేలు పెడితే ఎల్‌0 పట్టలేదు, ఎల్‌1 కూడా పట్టడం లేదు. గీతలు అరిగిపోయాయి. వేలు తుడుచుకో, తడి చేసుకో, ఇంకో వేలు పెట్టు, ఇంకోసారి పెట్టు. కర్నూలులో ఒక కొట్టులో అరవై ఏళ్ల పెద్దమ్మ పది వేళ్లూ వరసగా పెట్టింది. ఆఖరికి ఆపరేటరు ఫోను తీసి ముఖం చూపించమన్నాడు. కొన్ని పనులకు ముఖం గుర్తుపట్టే పద్ధతి వచ్చింది, ఆమె పని అయ్యింది. "నా యేళ్లు యాడ బోయినాయి నాయనా" అని ఆమె అడిగిన మాట నన్ను వదల్లేదు. యంత్రం మారిస్తే సరిపోని చోటు ఇది. ఏ యంత్రం కొనాలన్న నిర్ణయంలో ఆ పెద్దమ్మ చెయ్యి కూడా లెక్కలోకి రావాలి.

యంత్రాలే కాదు, కొట్టుకు వచ్చే పనీ మారింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. కర్నూలు మునిగి సరిగ్గా పదేళ్లకు. రాష్ట్రం మొత్తం మీద 15,004 గ్రామ, వార్డు సచివాలయాలు. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టారు. ఇదంతా మంచిదే, కానీ నెట్ సెంటరుకు వచ్చే పని రకం మారిపోతోంది. నిన్నటి దాకా దరఖాస్తు కొట్టడానికి వచ్చినవాళ్లు ఇప్పుడు ఫోనులో వచ్చిన సర్టిఫికెట్టును కాగితం మీదికి తీయించుకోవడానికి వస్తున్నారు. స్కానరుకు పని తగ్గింది, ప్రింటరుకు తగ్గలేదు. అందుకే మా మేనకోడలిని కొత్త స్కానరు కొనవద్దన్నాను.

విండోస్ 10 సంగతి కూడా రూలు చావే. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ పైన ప్రాసెసరు ఉండాలి. అంటే దాదాపు 2017 చివరి నుంచి వచ్చినవి. అంతకు ముందువి, ఎంత బాగా పనిచేస్తున్నా, గడప దాటలేవు. ఇళ్లలో వాడుకునేవాళ్లకు ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా, భద్రతా సవరణలు తీసుకునే దారి ఇచ్చారు. ఆ కారణంగానే ఇప్పుడు ఆరో తరం, ఏడో తరం ఆఫీసు కంప్యూటర్లు హైదరాబాదు, బెంగళూరుల నుంచి కుప్పలుగా వస్తున్నాయి. చవకగా ఉందని కొనేముందు లోపల ఏ తరమో అడగండి. డబ్బు లావాదేవీలు, ఆధార్ పనులు చేసే కంప్యూటరు మాత్రం ఎనిమిదో తరం కన్నా పాతది కాకూడదన్నది నా గట్టి మాట. పిల్లలకు టైపింగు నేర్పే కంప్యూటరైతే లినక్స్ ఎక్కించి ఇంకో అయిదేళ్లు వాడుకోవచ్చు. 1020 ప్రింటరు లినక్స్‌లో నడుస్తుంది, క్యానన్ 2900 మాత్రం సతాయిస్తుంది.

ఆలోచించకుండా మార్చాల్సినవీ కొన్ని ఉన్నాయి. ఇప్పటికీ తిరిగే హార్డ్‌డిస్కు మీద నడుస్తున్న కంప్యూటరుకు ఎస్‌ఎస్‌డీ వేస్తే, కొత్త కంప్యూటరు కొన్నంత తేడా వస్తుంది. ర్యామ్ విషయంలో తొందరపడితే ఖర్చు బారెడు. 2025 చివరి నుంచి కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ లాగేసుకోవడంతో ధరలు మండిపోతున్నాయి. క్రూషల్ పేరుతో మనకు ర్యామ్‌లు అమ్మిన మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారాన్నే మూసేస్తున్నామని 2025 డిసెంబరులో ప్రకటించింది. తొక్కు లేచిపోయిన కరెంటు తీగను ఈరోజే పారేయండి, దాంట్లో లెక్కలు వేయకండి.

పారేయడం అంటే ఎక్కడ? మా వీధిలో పాత ఇనుము, ప్లాస్టిక్ కొనే బండి వస్తుంది. పాత డబ్బా మానిటరును ఆ బండివాడు సుత్తితో పగలగొట్టి, రాగి తీగ చుట్ట తీసుకుని, గాజును హంద్రీ ఒడ్డున పోసి పోయాడు. ఆ గాజులో సీసం ఉంటుంది. 2022లో వచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం, పాత సామాను రీసైకిల్ అయ్యేలా చూసే బాధ్యత తయారీ కంపెనీలది. కాగితం మీద బాగుంది. 2022లో ప్రపంచంలో పుట్టిన 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాల్లో లెక్కప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే అని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. తక్కినదంతా ఇట్లా ఏదో ఒక హంద్రీ ఒడ్డుకే చేరుతోంది. వరద వచ్చిన రోజు ఆ ఒడ్డే మన కొట్లలోకి వచ్చింది. కడప శివారు కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ పార్కు పెట్టాం, సీసీ కెమెరాలు తయారుచేస్తున్నాం. తయారీకి వందల ఎకరాలు ఇచ్చిన జిల్లాలో, పాతవి తెచ్చి అప్పగించడానికి ప్రతి మునిసిపాలిటీలో ఒక గది ఇవ్వలేమా? ఇది కోపంతోనే రాస్తున్నాను.

తాటాకు నుంచి కాగితానికి

చివరికి చిట్టాలో మిగిలింది మూలనున్న ఎక్స్‌పీ కంప్యూటరు, దానికి తగిలించిన డాంగిల్. దాని కోసమే కడపకు పోయి సి.పి.బ్రౌన్ గ్రంథాలయంలో ఒక పూట కూర్చున్నాను. 1820లో ఇరవై ఒక్కేళ్ల వయసులో కడపకు ఉద్యోగానికి వచ్చిన బ్రౌన్, తర్వాత అక్కడే బంగళా కొని, సొంత జీతంతో పండితులను, లేఖకులను పెట్టి, చెదలు పడుతున్న తాటాకు గ్రంథాలను కాగితం మీదికి ఎత్తి రాయించాడు. కాగితం వచ్చింది కదా అని ఎవరూ తాటాకులను ముందు పొయ్యిలో పెట్టలేదు. ఎత్తి రాశారు, పాఠం సరిచూశారు. ఎత్తి రాయనివే మనకు దక్కకుండా పోయాయి.

మా బావ ఫైళ్లూ తాటాకులే. అను ఫాంట్లలో ఉన్న అక్షరం కంప్యూటరుకు తెలుగు అని తెలియదు, ఇంగ్లిషు గుర్తుల మీద తెలుగు బొమ్మలు అతికించిన పద్ధతి అది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత చోటు ఉంది. ఆ చోట ఉన్న అక్షరం ఏ ఫోనులోనైనా, ఏ కంప్యూటరులోనైనా తెలుగే. 2012 డిసెంబరు తిరుపతి ప్రపంచ తెలుగు మహాసభల నాటికి మండలి, రామభద్ర, పెద్దన, ధూర్జటి, సురవరం లాంటి ఉచిత ఫాంట్లు కూడా వచ్చాయి. అప్పుడే మారి ఉండాల్సింది. అచ్చుపనివాళ్లు మారలేదు, ఎందుకంటే వెనక ఉన్న పదేళ్ల పనిని ఎవరు మారుస్తారన్న ప్రశ్నకు జవాబు లేదు. ఇప్పుడు మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి. నూటికి తొంభై వంతులు సరిగా మారుస్తాయి, ఒత్తుల దగ్గర తడబడతాయి.

కొత్త కంప్యూటరు ఒకటి తేవాలని తేల్చాం. పాతదానికి నెట్ తీగ పీకేశాం. అది ఇక బయటి లోకంతో మాట్లాడదు. రోజూ సాయంత్రం కొట్టు కట్టేముందు అరగంట, మా బావ పాత ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాడు, మేనకోడలు కొత్త కంప్యూటరులో వాటిని యూనికోడ్‌లోకి మారుస్తుంది. తడవకు పది ఫైళ్లు.

మొన్న నేను పోయిన సాయంత్రం, నందికొట్కూరు వైపు నుంచి ఒకాయన వచ్చి ఉన్నాడు. 2004లో వాళ్లమ్మ కర్మ నాడు పంచిన చిన్న పుస్తకం, ఆమె పాడే మంగళహారతులన్నీ కూర్చి అచ్చేయించింది, ఒక్క ప్రతి కూడా మిగల్లేదట. ఇంటికి చెదలు పట్టి పోయిందన్నాడు. బావ పాత కంప్యూటరు ముందు కూర్చున్నాడు. టిక్కుటిక్కుమని నాలుగు మీటలు నొక్కి ఫైలు పేరు వెతికాడు. దొరికింది. తెర మీద పేజ్‌మేకర్ తెరుచుకుంది, మొదటి పుటలో ఆమె ఫొటో చుట్టూ తోరణం. పెన్‌డ్రైవ్ ఇటు వచ్చింది, మార్పిడి జరిగింది. ఆమె పేరులో క్ష కింద ఉండాల్సిన మ ఒత్తు ఎగిరిపోయి, పేరు విరిగిపోయి ఉంది.

మేనకోడలు దాన్ని చూసింది. ఆ ముక్క వరకు చెరిపి, ఆయన వైపు తిరిగి, "పూర్తి పేరు ఒకసారి చెప్పండి పెదనాయనా" అంది. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, నింపాదిగా, ఒక్కో అక్షరం చెప్పడం మొదలుపెట్టాడు.